పడవలన్నీ వచ్చేశాయి

సరదా పడవల పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు మొదట ఈత గురించి అడుగుతారు. ఎంత దూరం ఈదగలగాలి, ఎంతసేపు ఊపిరి బిగబట్టగలగాలి అని. ఈత రావాలి, నిజమే. కానీ ఆ జలాశయం మీద నేను పనిచేసిన నాలుగేళ్ళలో ఎవరినైనా కాపాడటానికి నీళ్ళలోకి దూకిన సందర్భాలు లెక్కపెడితే ఒక చేతి వేళ్ళే ఎక్కువ. మిగతా కాలమంతా నేను చేసింది రెండే పనులు. చూడటం, భయపడటం. జీతం చూసినందుకే ఇచ్చారు కానీ, భయపడటం మానేసినవాడు చూడటం కూడా మానేస్తాడని నా అనుభవం.

నాది కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డు. మా నాన్న తెరచాప నావ మీద వేటకు వెళ్ళేవాడు. పదిహేనో ఏట నుంచి నేనూ వెళ్ళాను. తరువాత దుబాయ్ అని బయలుదేరి, అబుధాబీలో ముసఫ్ఫా చేరుకుని, ఫైబర్ పడవలు బాగుచేసే షెడ్డులో ఇరవై ఏళ్ళకు పైగా గడిపాను. కరోనా వచ్చిన ఏడాది ఆ షెడ్డు మూతపడింది. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాక, ఒమాన్ సరిహద్దు కొండల్లో ఓ పెద్ద ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళలో సరదా పడవలు తిప్పే కంపెనీకి మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. ఆ ఆనకట్ట పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయను. జరిగినదానికి పేర్లతో పనిలేదు.

నన్ను తీసుకున్నది ఇద్రీస్ సార్. సూడాన్ మనిషి, అరవై దాటినవాడు, రేవుల్లో పనిచేసి వచ్చినవాడు. అక్కడ ఆయనే మా ముదీర్, అంటే మేనేజరు. ఇంటర్వ్యూలో ఒకటే అడిగారు, గల్ఫ్ హిందీలో. "పడవ మునుగుతోంది. నువ్వేం చేస్తావు?"

"వెళ్ళి తీసుకొస్తాను సార్."

"గలత్," అన్నారు. "మునిగే పడవను నీళ్ళలోకి ఎందుకు పంపావు? ముందు అది చెప్పు."

పని ఇచ్చారు. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఉప్పు లేని నీళ్ళు

మొదటి నెలలో నాకు కొంచెం చిన్నచూపు ఉండేది. సముద్రం చూసినవాడికి ఇదొక చెరువు. అల లేదు, ఆటుపోటు లేదు. చుట్టూ గడ్డిపోచ మొలవని గోధుమరంగు కొండలు, మధ్యలో ఆకుపచ్చ నీళ్ళు. ఆనకట్ట దగ్గర పడవల్ని రానివ్వకుండా నారింజరంగు బుడగల వరస. అక్కడి నుంచి జలాశయం సన్నగా, రెండు మలుపులు తిరిగి, కొండల్లోని వాదీ నోటి దగ్గర ఆగిపోతుంది. వాదీ అంటే వాన పడినప్పుడు మాత్రమే పారే కొండవాగు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఎండిన రాళ్ళ దారి. మా జెట్టీ నుంచి మొదటి మలుపు దాకా బాగా కనిపిస్తుంది, రెండో మలుపు సగం కనిపిస్తుంది. దాని అవతల ఏముందో జెట్టీ మీద ఉన్నవాడికి తెలియదు.

తొక్కే పడవలు, తెడ్ల పడవలు ముందు నుంచీ ఉన్నాయి. నేను చేరిన ఏడాదే నాలుగు చిన్న తెరచాప పడవలు తెప్పించారు. ఇద్దరు కూర్చునేవి. వాటిని నేర్పే బాధ్యత నాది. ఒక సాయంత్రం సందర్శకులు వెళ్ళిపోయాక వాటిలో ఒకదాన్ని తీసుకుని నేనొక్కణ్ణే వెళ్ళాను. మొదటి మలుపు దగ్గర గాలి పూర్తిగా ఆగిపోయింది. చుక్కాని వదిలేసి నీళ్ళ సీసా కోసం వంగాను. కొండ వెనక నుంచి గాలి ఎదురువైపుకు వచ్చి కొట్టింది. తెరచాప కింది కర్ర తిరిగి నా చెవి మీద తగిలింది. నేను నీళ్ళలో ఉన్నాను.

అప్పుడు తెలిసింది, ఉప్పు నీళ్ళు మనిషిని కొంచెం మోస్తాయని, ఈ నీళ్ళు మోయవని. పైన గోరువెచ్చగా ఉన్న నీరు, కాళ్ళ దగ్గర చల్లగా ఉంది. అడుగు ఎక్కడో లేదు. ఒడ్డున పట్టుకోవడానికి ఇసుక లేదు, నిలువు రాయి. లైఫ్ జాకెట్ లేకపోతే ఈ పేజీ మీరు చదివేవారు కాదు.

సముద్రంలో గాలి రాబోతుంటే నీళ్ళు ముందే చెబుతాయి. దూరంగా రంగు మారుతుంది. ఇక్కడ కొండలు గాలిని దాచిపెట్టి ఒక్కసారిగా వదులుతాయి. నలభై ఏళ్ళు నీళ్ళ మీద బతికాను కదా అనుకున్నవాణ్ణి, మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే కూర్చుని ఏ కొండ సందులోంచి ఎప్పుడు గాలి వస్తోందో నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను.

ఊరికే ఎత్తిన జెండా

జెట్టీ చివర ఒక స్తంభం ఉంది. దాని మీద ఎర్రజెండా ఎత్తి, సైరన్ మోగిస్తే పడవలన్నీ తిరిగి రావాలి. ఆ అధికారం నాకిచ్చారు ఇద్రీస్ సార్. "ఎందుకు ఎత్తావని నేను అడగను" అని అందరి ముందూ చెప్పారు. మంచి మాట. అలాంటి పైఅధికారి దొరకడం అదృష్టమే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం వాదీ వైపు కొండల మీద దుమ్ము లేచినట్టు కనిపించింది. నా నోటుబుక్కు ప్రకారం ఇరవై నిమిషాల్లో గాలి రావాలి. జెండా ఎత్తాను. జలాశయం నిండా జనం. పిల్లల్ని అప్పుడే ఎక్కించినవాళ్ళు, రెండు గంటలు ఎండలో వరుసలో నిలబడి ఎక్కినవాళ్ళు. అందరూ తిరిగొచ్చారు. గాలి రాలేదు. గంట గడిచింది, ఆకు కదల్లేదు. దుమ్ము లేపింది కొండ రోడ్డు మీద పోయే లారీలట.

జనం నన్ను నాలుగు భాషల్లో తిట్టారు. అది పట్టించుకోలేదు. కానీ సాయంత్రం టీ దగ్గర, పనివాళ్ళందరి ముందూ ఇద్రీస్ సార్ నా వైపు చూసి, "అప్పారావ్, రేపు కూడా లారీలు వస్తాయా? ముందే చెప్పు, టిక్కెట్లు ఆపేద్దాం" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మనసులో ఏమీ లేదు, ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ తరువాత జెండా తాడు పట్టుకున్న ప్రతిసారీ నా చెవిలో ఆ నవ్వు వినిపించేది. పట్టుకోవడానికీ లాగడానికీ మధ్య ఒక ఖాళీ ఏర్పడింది. అధికారం ఇవ్వడం ఒకటే సరిపోదు. ఇచ్చిన అధికారాన్ని వాడినప్పుడు నవ్వకుండా ఉండటం కూడా పైవాళ్ళ పనే. పైవాళ్ళు కాబోయేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

సునీత

నా దగ్గర తెరచాప నేర్చుకున్నవాళ్ళలో అందరికంటే బాగా పట్టుకున్నది సునీత. నరసాపురం వైపు అమ్మాయి, అబుధాబీలో ఒక ఆసుపత్రిలో నర్సు. ముప్పై ఏళ్ళుంటాయి. కరోనా రోజుల్లో వార్డులో పనిచేసి, అవి ముగిశాక నిద్ర పట్టక, ఎవరో చెబితే ఇక్కడికి వచ్చిందట. మూడు వారాలు వరసగా వచ్చి నేర్చుకుంది. తరువాత నెలకొకసారి వచ్చేది, ఒక్కతే పడవ తీసుకుని వెళ్ళేది.

"బాబాయ్ గారూ, వార్డులో రోజంతా పక్కవాళ్ళ ఊపిరి వింటానండి. ఇక్కడ గాలి ఒక్కటే వినొచ్చు," అంది ఒకసారి.

ఎప్పుడూ ఒక్కతే వెళ్ళే మనిషి. ఈ సంగతి గుర్తుంచుకోండి. నా తప్పులో ఇదీ ఒక భాగం.

ఒక మార్చి నెల సెలవు రోజున తనతో పనిచేసే నర్సుల్ని బస్సులో తీసుకొచ్చింది. పద్నాలుగు మంది. ఎక్కువమంది మలయాళీలు. తెలుగువాళ్ళు సునీత కాకుండా ఇంకొకరే, మేరీ. ఆ పేరు అప్పటికి నాకు తెలియదు. భీమవరం దగ్గరి అమ్మాయి, వచ్చి నాలుగు నెలలే అయింది. నీళ్ళంటే భయం. "నేను ఒడ్డునే కూర్చుంటానండి" అంటుంటే స్నేహితులు లాక్కెళ్ళి తొక్కే పడవ ఎక్కించారు. ఆ పడవలో ముగ్గురు. సునీత ఎప్పటిలాగే తెరచాప పడవలో ఒక్కతే వెళ్ళింది. నేనే తాడు విప్పి పంపాను.

జెట్టీ మీద నాతో ఉన్నది గంగారాం. జగిత్యాల దగ్గరి పల్లె మనిషి, నలభై ఐదేళ్ళు. పదేళ్ళు దుబాయ్‌లో అల్ ఖూజ్ కూలీల క్యాంపులో ఉంటూ కట్టడాల దగ్గర సెంట్రింగ్ పని చేసినవాడు. పడవలు ఒడ్డుకు లాగడం, కట్టడం, జాకెట్లు తొడగడం అతని పని. ఈత రాదు. రాదని దాచుకునేవాడు కూడా కాదు.

పది నిమిషాలు

మూడు గంటలు దాటింది. వాదీ వైపు ఆకాశం కింద నల్లటి గీత కనిపించింది. గాలి పూర్తిగా ఆగిపోయింది. నీళ్ళు అద్దంలా అయ్యాయి. వెళ్ళి జెండా తాడు పట్టుకున్నాను.

లాగలేదు.

మబ్బు ఒమాన్ వైపే పోతుందేమో, ఇంకొంచెం చూద్దాం అనుకున్నాను. నీళ్ళ మీద పాతిక పడవలున్నాయి. మళ్ళీ లారీలేనా అంటారు అనుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది కానీ, ఆ క్షణంలో నా తలలో ఉన్నది ఇదే. తాడు పట్టుకుని నిలబడే ఉన్నాను. గంగారాం వచ్చి, "అన్నా, మబ్బు బాగ నల్లగయింది. ఎత్తరాదే," అన్నాడు. "ఆగవయ్యా, చూస్తున్నాగా," అని కసిరాను.

పది నిమిషాలు అలా పోయాయి. తరువాత రెండో మలుపు దగ్గర నీళ్ళు ముడతలు పడటం కనిపించింది. అప్పుడు లాగాను, సైరన్ మోగించాను. కానీ గాలి నాకంటే ముందుంది.

తొక్కే పడవలు ఒకదాని మీద ఒకటి జెట్టీకి వచ్చి కొట్టుకున్నాయి. వాన మొదలైంది, సూదుల్లాంటి వాన. గంగారాం పడవను లాగడం, మనుషుల్ని దింపడం, ఇంకో పడవను లాగడం. ఎవరు ఎందులోంచి దిగుతున్నారో చూసే తీరిక లేదు. నేను పడవలు లెక్కపెడుతున్నాను. అన్నీ వచ్చాయి, ఒక్క తెరచాప పడవ తప్ప.

అది రెండో మలుపు నుంచి బయటికి వచ్చింది, బోర్లా పడి. దాన్ని పట్టుకుని సునీత వేలాడుతోంది.

ఇంజన్ పడవ తీసుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. చేరేసరికి ఆమె చేతులు జారిపోతున్నాయి. తల పక్కన పగిలి రక్తం కారుతోంది. తెరచాప కర్ర తగిలినట్టుంది. జాకెట్ పట్టుకుని పైకి లాగాను. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టలేదు. "మేరీ... మేరీ..." అంటోంది.

నేను హిందువుని. ఆ అమ్మాయి క్రిస్టియన్. మరియమ్మను తలచుకుంటోంది అనుకున్నాను. "ఏం కాదమ్మా, ఏం కాదు, దేవుడున్నాడు," అన్నాను. బోర్లా పడ్డ పడవను తాడుకు కట్టి జెట్టీ వైపు తిప్పాను. నేనున్న చోటు నుంచి తల ఎడమకు తిప్పితే రెండో మలుపు అవతలి గోడ కనిపిస్తుంది. తిప్పలేదు.

జెట్టీకి వచ్చాక, పార్కింగులో ఎప్పుడూ ఉండే అంబులెన్సులో ఎక్కించేటప్పుడు కూడా ఆమె అదే మాట అంటోంది. ఇద్రీస్ సార్ ఆఫీసు నుంచి వాకీటాకీలో అడిగారు. "అప్పారావ్, సబ్ ఆగయా?" అందరూ వచ్చేశారా అని.

మళ్ళీ ఒకసారి పడవలు లెక్కపెట్టాను. "సబ్ ఆగయా సార్. పడవలన్నీ వచ్చేశాయి. ఖలాస్," అన్నాను.

చెప్పులు

పడవ ఎక్కేవాళ్ళు చెప్పులు విడిచే చెక్క అర ఒకటి జెట్టీ దగ్గర ఉంది. వానలో జనం అంతా పైన పార్కింగుకు వెళ్ళిపోయారు. వాళ్ళను చేర్చడానికి మా మిగతా ఇద్దరు మనుషులు కూడా పైకే వెళ్ళారు. నేను తడిసి, వణుకుతూ, గట్టెక్కామన్న నిస్త్రాణతో ఒక డ్రమ్ము మీద కూలబడ్డాను. గంగారాం ఆ అర ముందు నిలబడి ఉన్నాడు.

"అన్నా, అందరు పోయిన్రు గదా. మరి గీ చెప్పులు ఎవరియి?"

తెల్ల చెప్పుల జత.

"ఎవరో మర్చిపోయుంటారులే."

"గీ వానల, గీ రాళ్ళ మీద, ఉత్త కాళ్ళతోని ఎట్ల పోతరన్నా? మర్చిపోయినా పది అడుగులు ఏసినంక యాదికస్తది."

సునీతవేమో అన్నాను. కాదన్నాడు. సునీతవి నల్లవి, వాళ్ళ స్నేహితురాలు చేత్తో పట్టుకుని అంబులెన్సులో ఎక్కడం తాను చూశాడట. "గీ తెల్లయి గా భయపడ్డ పిల్లవి. ఎక్కనంటె ఎక్కనని ఏడ్శింది సూడు, ఆమెవి."

"ఆమె పేరేంటి?"

"మేరీ అని పిలిశిన్రు."

డ్రమ్ము మీద నుంచి లేచి వాకీటాకీలో ఇద్రీస్ సార్‌ను పిలిచాను.

ఇద్రీస్ సార్ జెట్టీకి పరుగెత్తుకొచ్చి, బస్సుకు ఫోన్ చేశారు. మేరీ అంబులెన్సులో సునీతతో ఉంది అన్నారు బస్సువాళ్ళు. అంబులెన్సుకు చేశారు. మేరీ బస్సులో ఉంది అన్నారు వాళ్ళు. మేరీ ఎక్కిన తొక్కే పడవలోని ఇద్దరమ్మాయిల్ని ఫోన్‌లోకి పిలిస్తే సంగతి బయటపడింది. నీళ్ళ మధ్యలో సునీత పడవ పక్కకు వస్తే, ఫొటో కోసమని మేరీని అందులోకి మార్చారు. ముగ్గురు మనుషులతో వెళ్ళిన పడవ ఇద్దరితో తిరిగొచ్చింది. ఒంటరిగా వెళ్ళిన సునీత ఇద్దరయింది. మా లెక్కలో పడవలు ఉన్నాయి, మనుషులు లేరు.

ఇద్రీస్ సార్ పౌరరక్షణ దళానికి ఫోన్ చేశారు. బయలుదేరారు, కానీ వాదీ రోడ్డు మీదకు నీళ్ళు వచ్చాయి, చుట్టూ తిరిగి రావాలి, ముప్పావుగంట పట్టొచ్చు అన్నారు. ఈలోగా జలాశయం రంగు మారుతోంది. కొండల్లో పడ్డ వాన వాదీలోంచి ఎర్రటి నీళ్ళుగా దిగుతోంది. జెట్టీ పక్కన మెట్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి.

"నేను వెళ్తాను సార్," అన్నాను.

"రెండో మనిషి లేకుండా పంపను."

గంగారాం అప్పటికే జాకెట్ బిగించుకుంటున్నాడు. "నేనొస్త."

"నీకు ఈత రాదయ్యా!"

"ఈదనీకి గాదు గదా అన్నా, తాడు వట్టనీకి. ఇంకెవరున్నరు ఈడ?"

ఇద్రీస్ సార్ అతని జాకెట్ పట్టీలు తన చేతులతో మళ్ళీ ఒకసారి లాగి చూశారు. యల్లా, బయలుదేరండి అన్నట్టు చెయ్యి ఊపారు.

రాయి

రెండో మలుపు వైపు పడవ తిప్పాను. నీళ్ళ మీద ముళ్ళకంపలు, మేకల దొడ్డి చెక్కలు, ఖాళీ డబ్బాలు కొట్టుకొస్తున్నాయి. ఒక శవం కనిపిస్తుందని ఎదురుచూస్తున్నాను. ప్రతి నల్లటి కంపా తలలా కనిపిస్తోంది. నిజం చెప్పాలంటే ఆ దారిలో ఒకసారి, ఆమె దొరక్కపోతే ఏం చెప్పాలి అని కూడా ఆలోచించాను. మనిషి అలాంటప్పుడు కూడా తన గురించి ఆలోచిస్తాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ముందు చూసింది గంగారాం. "అన్నా, గదో! పానంతోని ఉన్నది!"

నిలువుగోడ లాంటి కొండకు అడుగున, నీటి మట్టానికి కొంచెం పైన బల్లలా ఒక రాయి ఉండేది. ఇప్పుడు ఆ రాయి కనిపించడం లేదు. దాని మీద నిలబడిన మేరీ మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉంది. వీపు కొండకు ఆనించి, రెండు చేతులూ ఒక పగులులోకి దూర్చి పట్టుకుంది. అరవడం లేదు. మమ్మల్ని చూసి కూడా అరవలేదు.

ఇంకా పడవ పొడవంత దూరం ఉందనగా ఇంజన్ ముక్కి ఆగిపోయింది. తోటల మీద కప్పే ఆకుపచ్చ వల ఒకటి కొట్టుకొచ్చి నీళ్ళ కింది ఫ్యానుకు చుట్టుకుంది. ప్రవాహం మమ్మల్ని వెనక్కు నెడుతోంది. గంగారాం తాడుకు ఉచ్చు వేసి విసిరాడు. మొదటిసారి అందలేదు. రెండోసారి మేరీ భుజం మీద పడింది. ఆమె దాన్ని నడుముకు కట్టుకోబోయింది.

"నడుముకు గాదమ్మా! నీళ్ళు గుంజుతున్నయి, మమ్ముల నువ్వు ఆపలెవ్వు!" అని అరిచాడు గంగారాం. "నీ తలకాయ మీద రాయి కొమ్ము ఉన్నది సూడు. దానికెయ్యి!"

ఆమె ఒక చెయ్యి వదలాలి. వదలడానికి చాలాసేపు పట్టింది. అది ఎంతసేపో నేను చెప్పలేను, గడియారం చూసినవాళ్ళు ఎవరూ లేరు. చివరికి ఒక చెయ్యి తీసి, ఉచ్చును ఆ రాతికొమ్ముకు తగిలించింది. గంగారాం పడవ అంచుకు కాళ్ళు తన్నిపెట్టి, సెంట్రింగ్ పనిలో ఇనుప కడ్డీలు లాగినట్టు పడవను కొండ దాకా లాగాడు. నేను మేరీ చంకల కింద పట్టుకుని లోపలికి దింపాను. పాదం రాయి సందులో ఇరుక్కుని మెలిక పడింది. అప్పుడు మాత్రం అరిచింది.

నేను ఇంజన్ పైకెత్తి, కత్తితో ఆ వల కోస్తూ నా వేలు కూడా కోసుకున్నాను. అప్పుడు వెనక నుంచి మేరీ గొంతు వినిపించింది.

"సునీతక్క బతికే ఉందాండీ?"

"ఉందమ్మా. ఆసుపత్రికి పంపాం."

అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.

తిరిగి వచ్చే దారిలో ముక్కలు ముక్కలుగా చెప్పింది. మలుపు అవతల కొండ సందు గాలికి పడవ ఒక పక్కకు వాలేసరికి తనకు తల తిరిగి వాంతి అయిందట. ఆ రాయి మీద కాసేపు కూర్చోబెడతానని సునీత దింపింది. అలా దింపకూడదని సునీతకు తెలుసు, నేనే నేర్పాను. తాను పడవలోనే, తాడు చేత్తో పట్టుకుని పక్కనే ఉంది. సైరన్ వినబడింది, అదే క్షణంలో గాలి వచ్చింది. పడవను సునీతతో సహా లాక్కుపోయింది. సైరన్ ఇంకో పది నిమిషాలు ముందు మోగి ఉంటే, అప్పటికి సునీత ఇంకా రాయి దాకా వెళ్ళి ఉండేది కాదు. ఆ లెక్క మేరీ చెయ్యలేదు. నేను చేసుకున్నాను.

గంగారాం జెట్టీ ఎక్కాక మూల నిలబడి వాంతి చేసుకున్నాడు. "నీళ్ళ మీద మల్ల ఎక్కనన్నా, ఒట్టు," అన్నాడు. రెండు రోజుల తరువాత మామూలుగానే పడవలు లాగుతూ కనిపించాడు.

రిపోర్టు

పై ఆఫీసు నుంచి రిపోర్టు అడిగారు. దాన్ని ఎలా రాయవచ్చో నాకు తెలుసు. సందర్శకురాలు నిబంధన మీరి పడవ మారింది, దిగకూడని చోట దిగింది. రెండూ నిజమే. అంతటితో ఆపేస్తే ఎవరూ నన్ను అడిగేవారు కాదు. ఇద్రీస్ సార్ దగ్గరకు వెళ్ళి ఏం రాయమంటారు అన్నాను.

"జో హువా, వహీ లిఖో," అన్నారు. జరిగిందే రాయమని.

రాశాను. జెండా పది నిమిషాలు ఆలస్యం చేశానని. మనుషుల్ని లెక్కపెట్టలేదని. గాయపడిన మనిషి చెప్పిన మాటను నాకు తోచిన అర్థంతో విని ఊరుకున్నానని. ఆయన చదివి కళ్ళజోడు తీశారు. "ఆ లారీల రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది," అన్నారు. ఆ మాట కూడా తన సంతకంతో కింద రాసి పంపారు. అలాంటి మనిషి కింద పనిచేశాను.

ఆరు నెలలు నన్ను ఇన్‌చార్జి పని నుంచి తప్పించారు. అన్యాయం అనిపించలేదు. ఆ ఆరు నెలలూ జెట్టీ మీద కూర్చుని, ఎక్కే ప్రతి మనిషి చేతికీ నంబరు పట్టీ కట్టి, దిగేటప్పుడు విప్పి కొక్కేనికి తగిలించాను. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా ఎవరూ ఇంటికి వెళ్ళకూడదు. నా తరువాత ఆ జెట్టీ మీదకు వచ్చిన మీరు ఇప్పుడు చేస్తున్నది అదే పద్ధతి. విసుగు పుట్టించే పని అని మీలో ఒకరు నాతో అన్నారు. విసుగు పుట్టనివ్వండి.

ఇంకొక్క మాట. దెబ్బ తగిలినవాళ్ళు, భయపడినవాళ్ళు ఏదైనా ఒకే మాట పదే పదే అంటుంటే, దాని అర్థం మీకు తెలుసనుకోకండి. వంగి అడగండి. సునీత కోలుకున్నాక ఆసుపత్రిలో చూడటానికి వెళ్తే, ఆ అమ్మాయి నవ్వాలో ఏడవాలో తెలియకుండా అంది, "బాబాయ్ గారూ, మా చర్చిలో మరియమ్మకు ప్రార్థన చెయ్యరండి."

మేరీ అడిగినది

నా రిటైర్మెంటుకు రెండు నెలల ముందు, ఒక పగటిపూట మేరీ, సునీత కలిసి వచ్చారు. సునీత నేరుగా తెరచాప పడవ దగ్గరకు వెళ్ళి తాళ్ళు సరిచూసుకోవడం మొదలుపెట్టింది. మేరీ నీళ్ళ వైపు వెళ్ళలేదు. మా టీ గదిలోకి వచ్చి కూర్చుంది. కొంచెం కుంటుతోంది ఇంకా. కప్పులో టీ పోసి ఇచ్చాను.

కాసేపు ఊరి సంగతులు మాట్లాడుకున్నాం. తరువాత ఆమె కప్పు పక్కన పెట్టి అడిగింది.

"ఒక మాట అడుగుతానండి, ఏమీ అనుకోకండి. ఆ రోజు మీరు సునీతక్కను పడవలోకి లాగడం నేను చూశాను. వాన పడుతున్నా కనబడింది. నేను చెయ్యి ఊపాను. అరిచాను కూడా. మీకు వినబడలేదా?"

ఇది నాకు తెలియదు. ఆమె అక్కడ నుంచి నన్ను చూసిందని అప్పటిదాకా నాకు తెలియదు.

"వినబడలేదమ్మా."

"ఇటు చూశారా?"

"లేదు. చూడలేదు."

తల ఊపింది. వార్డులో జ్వరం ఎంతుందో చూసి కాగితం మీద రాసుకునే నర్సు మొహంలా ఉంది ఆమె మొహం.

"చూసి వెళ్ళిపోయారేమో అనుకునేదాన్నండి. నీళ్ళు మోకాళ్ళ దాకా రావడం నాకు కలలోకి రాదు. మీ పడవ వెనక్కి తిరిగి వెళ్ళిపోవడమే వస్తుంది. చూడలేదంటే... చూడలేదన్నమాట. అదే తెలుసుకుందామని వచ్చాను."

"తప్పు నాదే అమ్మా," అన్నాను.

కాదండీ అంటుందని, పోనివ్వండి అంటుందని నా మనసులో ఎక్కడో ఆశ ఉండి ఉండాలి. ఆమె అనలేదు. "అవునండి," అంది. అని, కప్పు తీసుకుని, చల్లారిపోయిన టీ చివరిదాకా తాగింది. గంగారాం ఎక్కడున్నాడని అడిగింది. అతని కోసం భీమవరం నుంచి తెప్పించిన పచ్చడి సీసా తెచ్చిందట. జెట్టీ మీద ఉన్నాడని చెప్పాను. కుంటుకుంటూనే లేచి, నీళ్ళ వైపు నడిచింది.